బిళ్ల బెల్టు, చార్జింగ్ బెల్టు

ఎలుగుగుట్ట కింద ఓబుళమ్మ తోట. ఇరవై జామచెట్లు, ఒక వరస బత్తాయిలు, ఒక కొట్టం, కొట్టం వెనక కోళ్లగూడు. తోటకు తూర్పున బైపాస్ రోడ్డు, పడమట వంక. రోడ్డు మీద లారీలు, వంకలో చిరుత. అటు పోతే చక్రం కింద, ఇటు పోతే కోర కింద. కుక్క పుట్టుక పుట్టడానికి ఇంతకంటే మంచి చోటు దొరకలేదా అని మీరడిగితే నేనేం చెప్పను? పుట్టే చోటు ఎవరి చేతుల్లో ఉంది గనుక.

ఒకప్పుడు ఆ తోటలో నాలుగు కుక్కలు. ఒకటి లారీ కింద పడింది. తెల్లోడని ఇంకొకడు సాయంత్రంపూట నీళ్లు తాగడానికని వంకలోకి దిగి మళ్లీ ఎక్కలేదు. మిగిలినవి రెండు. నల్లగా నిగనిగలాడే ఆడకుక్క నేరేడు, పసుపురంగు కుర్రోడు బత్తాయి. తోటలో కాసేవాటి పేర్లే పెట్టింది ఓబుళమ్మ.

తెల్లోడు పోయిన రోజు నేరేడు గట్టు మీదే ఉంది. అరుపు వినలేదు. ముందు వంకలో పిట్టలన్నీ ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. తర్వాత ఎండుకట్టెను రంపంతో కోస్తున్నట్టు గరగరమని చిరుత గొంతు వినిపించింది. అంతే. ఆ రోజు నుంచి ఎక్కడ రంపం చప్పుడు విన్నా నేరేడు తోక ముడిచి పరుగెత్తేది. వడ్రంగి వచ్చి తలుపు బాగుచేస్తుంటే కూడా గడ్డివాము వెనక దాక్కునేది. పిరికిదని కోళ్లు నవ్వుకునేవి. నవ్వనీ. దాని భయం దానికుంది.

ఓబుళమ్మ ఇక తట్టుకోలేక తోట చుట్టూ భూమిలో ఒక సన్నని వైరు పాతించింది. దానికి సోలారు పలక మీద నడిచే డబ్బా ఒకటి. కుక్కల మెడలకు బెల్టులు. కుక్క వైరు దగ్గరికి నాలుగడుగుల్లోకి వస్తే బెల్టు ‘కీ కీ’ అంటుంది. అయినా ముందుకు పోతే లోపలివైపున్న రెండు ఇనుప బొడిపెలు మెడ మీద చురుక్కుమనిపిస్తాయి. ఒకసారి ఆ చురుకు తిన్న కుక్క రెండోసారి తినదు, మరీ బత్తాయిలాంటిదైతే తప్ప.

అంగడివాడు రెండు రకాల బెల్టులిచ్చాడు. “వాడి చూడమ్మా. ఏది బాగుంటే అలాంటిదే ఇంకొకటి తీసుకో, బాగాలేనిది వాపసు తెచ్చెయ్” అన్నాడు. ఒకటి చార్జింగ్ బెల్టు. మూడు రోజులకోసారి తీసి ప్లగ్గుకు గుచ్చాలి. అది బత్తాయికి. రెండోది బిళ్ల బెల్టు. లోపల బొత్తామంత బిళ్ల బ్యాటరీ ఉంటుంది, అయిపోతే తీసేసి కొత్తది వెయ్యాలి. అది నేరేడుకు. రెండూ ఎర్ర పట్టీలే, పైన మెరిసే రేడియం స్టిక్కరు.

మూడు నెలలు కావస్తుండగా కొట్టంలో పెద్ద చర్చే జరిగింది.

“నాది చూడక్కా,” అని మెడ సాగదీశాడు బత్తాయి. “సెల్‌ఫోన్‌లాగా గోడకు గుచ్చితే చాలు, నిండిపోతుంది. నీది పాత చింతకాయ పచ్చడి. అయిపోతే అవతల పారెయ్యాల్సిందే.”

“నాది మూడు నెలలు వస్తుందన్నాడు కదరా అంగడాయన. నీది మూడు రోజులకే నీరసపడుతుంది.”

“నీరసపడితే దానికి తిండి పెడతారు.”

“అది తిండి తినే రెండు గంటలూ నీ మెడ బోసిగా ఉంటుంది కదా. మనకు కరెంటొచ్చేది పొద్దుగూకే వేళకే. ఆ వేళకే వంకలోది లేస్తుంది. అప్పుడు నిన్ను ఆపేదెవరు?”

“మన జీతగాడు సుంకన్న తాడేసి కడతాడుగా.”

కొట్టంలో పడుకున్న మైల ఎద్దు నెమరు ఆపింది. అది ఒక మాట అనాలంటే ముందు నాలుగుసార్లు నమిలి గాని అనదు.

“తాడు మంచిదేరా నాయనా. కట్టేవాడికి గుర్తుంటే.”

“అట్లా చెప్పు మామా,” అంది నేరేడు.

“నీది మాత్రం తక్కువ తిన్నదా?” అంది ఎద్దు. “నీ బిళ్ల బతికుందో చచ్చిందో బయటికి తెలియదు. మన ఓబుళమ్మ సంగతి నీకు తెలుసుగా. టార్చిలైటు సెల్లులు అయిపోతే పిట్టగోడ మీద ఎండలో పెట్టి, సాయంత్రం మళ్లీ వేసి, వెలిగిందా లేదా చూడు అని మురిసిపోయే మనిషి.”

బొప్పి పెట్ట గూటిలోంచి తల బయటపెట్టింది. దాని నోట్లో నువ్వుగింజ నానదు. “పెట్టింది కూడా. మొన్ననే నేరేడు బిళ్ల తీసి ఎండలో పెట్టింది. నేను పొడిచి చూశాను, గింజ కాదు” అంది.

నాలుగు రోజులుగా తన బెల్టు ‘కీ’ అనడంలో జీవం లేదని నేరేడుకూ అనిపిస్తోంది. గొంతు జబ్బుచేసిన దానిలా మూలుగుతోంది. అయినా పైకి అనలేదు. అంటే బత్తాయి నవ్వుతాడు.

వైరు పాతిన ఆ గీత అవతల, గట్టు మీద, ఆ సాయంత్రమే నక్క వచ్చి కూర్చుంది. దాన్ని తోటలో అందరూ పిన్నమ్మా అనే పిలుస్తారు. చుట్టరికమేమీ లేదు, అదే కలుపుకుంది.

“ఏమ్మా నేరేడూ, బాగున్నావా? ఆ బెల్టు మెడ ఒరిసేస్తోందేమో తల్లీ. చూస్తుంటే నా ప్రాణం ఉసూరుమంటోంది.”

“బాగానే ఉంది పిన్నమ్మా,” అని నాలుగడుగులు వెనక్కి వేసింది నేరేడు. అతి వినయం ధూర్త లక్షణమని దానికి తెలుసు.

బత్తాయికి తెలియదు. వాడు ముందుకొచ్చి తోక ఊపాడు. “పిన్నమ్మా, నాది చార్జింగ్ బెల్టు. చూశావా?”

“చూడకపోవడమేంది నాయనా, అంత దూరం నుంచే కళ్లు చెదిరాయి. మరి ఎప్పుడూ మెడకు ఉండాల్సిందేనా పాపం? కాసేపన్నా గాలి ఆడనివ్వరా?”

“ఎందుకు ఆడనివ్వరు? మూడో రోజుకోసారి సాయంత్రం తీసి వసారాలో మేకుకు తగిలిస్తారు. నిన్ననే తీశారు, మళ్లీ శుక్రవారమే.”

“శుక్రవారమా. మంచి రోజే,” అంది నక్క.

నేరేడు వాడి చెవి కొరికి వెనక్కి లాగింది. “పెదవి దాటితే పృథివి దాటుతుందిరా. ఆ ముండకు మన రోజులన్నీ ఎందుకు చెబుతున్నావు?”

“నీకు గాలి కదిలినా భయమే అక్కా.”

“భయపడే నేను ఇన్నేళ్లు బతికాను. తెల్లోడికి భయం లేదు.”

ఆ మాటకు వాడు నవ్వలేదు గాని, విననూలేదు.

శుక్రవారం వచ్చింది. కరెంటు రాగానే ఓబుళమ్మ బత్తాయి బెల్టు తీసి వసారాలో ప్లగ్గుకు గుచ్చి, నీళ్లు పట్టుకోవడానికి మోటారు దగ్గరికి పరుగెత్తింది. తాడు కట్టాల్సింది సుంకన్న. ఆ తాడు మధ్యాహ్నం బావిలో పడిన బక్కెట తీయడానికి తీసుకుపోయాడు, తడిసిందని బావిగట్టు మీదే ఆరేశాడు. మళ్లీ అక్కడిదాకా ఎవరు నడుస్తారు? “ఒక్క రెండు గంటలే కదా, ఎక్కడికి పోతాడులే” అని కొట్టం ఊడుస్తూ కూర్చున్నాడు.

గట్టు మీద నక్క అప్పటికే ఉంది.

“బత్తాయీ, నాయనా. వంక ఒడ్డున ఎవరో అమ్మవారికి దేవర చేసుకుని పోయినట్టున్నారు. మేకపోతు కాలొకటి కండతో సహా పడి ఉంది. నాకు పళ్లు కదులుతున్నాయి, కొరకలేను. నీలాంటి వయసు పిల్లోడు తింటే చూసి సంతోషిస్తాను.”

బత్తాయి గీత దగ్గరికి వెళ్లాడు. ‘కీ’ లేదు. ఇంకొక అడుగు వేశాడు. చురుకు లేదు. వెనక్కి తిరిగి నవ్వాడు. “చూడక్కా, గీత ఎక్కడుందో నాకే తెలియడం లేదు.”

“రారా. నీకు దణ్ణం పెడతాను, వెనక్కి రారా.”

“ఇప్పుడే వస్తా. నీకూ ఒక ముక్క తెస్తా.”

నేరేడు వాడి వెనక పరుగెత్తింది. మెడలో బెల్టు నీరసంగా ‘కీ’ అంది, ఆగలేదు, అప్పుడు చురుక్కుమంది. అరిచి వెనక్కి పడింది. లేచి చూసేసరికి పసుపురంగు తోక తుమ్మపొదల్లోకి దిగుతోంది. నక్క వాడికంటే ముందు నడుస్తోంది, వెనక్కి చూడకుండా.

పిట్టలన్నీ నోరు మూసుకున్నాయి.

తర్వాత ఒక చిన్న చప్పుడు, కుక్కదో రాయిదో తెలియని చప్పుడు. నేరేడు మొరిగింది, మొరిగి మొరిగి గొంతు పోయింది. సుంకన్న టార్చి పట్టుకుని గట్టుదాకా వెళ్లి పిలిచి వచ్చాడు. తెల్లారాక ఓబుళమ్మ తనే వంక వెంట అర మైలు నడిచింది. ఏమీ దొరకలేదు. బత్తాయి బెల్టు వసారాలో మేకుకు వేలాడుతూ, నిండిపోయానని పచ్చదీపం చూపిస్తోంది. ఎవరికి చూపిస్తుందో మరి.

ఆ శనివారమే గీత పక్కన నడిచినప్పుడు నేరేడు బెల్టు అసలు పలకలేదు. ఎండలో కాచిన బిళ్లకు ఉన్న ఆ కాస్త ప్రాణమూ ముందురోజు దాన్ని ఆపడానికే అయిపోయింది. ఇంకో కుక్క అయితే సంతోషించేది. నేరేడు మాత్రం గీత దగ్గర నుంచి వెనక్కి వచ్చేసింది. ఆ చప్పుడున్నన్నాళ్లూ భయం ఎక్కడ మొదలవుతుందో తెలిసేది. ఇప్పుడు ఎక్కడ అడుగు పెట్టినా అదే గీతేమో అనిపిస్తోంది. అన్నం ముట్టలేదు. కొట్టం గుంజకు ఆనుకుని కూర్చుంది.

సాయంత్రాలు మాత్రం నేరేడు వాడికోసం గీత వెంట తిరిగేది. అవతల గట్టు వెంట నక్క కూడా నడిచేది, చెవులు నిక్కించి. శనివారమూ, ఆదివారమూ విన్నది. సోమవారమూ విన్నది. ఎక్కడా ‘కీ’ లేదు. సోమవారం సాయంత్రం గొంతు తడి చేసుకుని పలకరించింది.

“నేరేడూ, ఒక మాట చెబుతాను, గుండె చిక్కబట్టుకో. బత్తాయి బతికే ఉన్నాడు.”

నేరేడు చటుక్కున లేచింది.

“వంకలో బండల మధ్య జారిపడ్డాడు. కాలు విరిగింది. చిరుత కన్నుపడకుండా నేనే ఆకులు కప్పి కాపాడుతున్నా. నాకు మోసే శక్తి లేదమ్మా.”

“మరి మొరగడేం?”

“నోరెండిపోయింది. గొణుగుతున్నాడు. అక్కా, అక్కా అంటున్నాడు.”

ఆ మాట నేరేడు గుండెల్లో గుచ్చుకుంది. వాడు నిజంగా అలాగే అంటాడు. కడుపునొప్పి వచ్చినా ముల్లు గుచ్చుకున్నా అక్కా అనే వచ్చేవాడు. నాలుగడుగులు గీతవైపు నడిచింది, తనకు తెలియకుండానే.

“రా తల్లీ. నీ బెల్టు చచ్చి మూడు రోజులైంది. నేను విన్నానుగా. నిన్నేమీ చెయ్యదు.”

అది విన్నాక నేరేడు ఆగింది. మూడు రోజులు పనిగట్టుకుని తన మెడ చప్పుడు విన్నదంటే, చిరుత నోట్లోంచి ఒకణ్ణి కాపాడుతూ ఉన్నదానికి అంత తీరిక ఎక్కడిది?

“నాకు కాళ్లాడడం లేదు పిన్నమ్మా. రేపు వస్తాను.”

“రేపటిదాకా వాడు ఉండాలి కదా,” అని నిట్టూర్చి పోయింది నక్క.

నేరేడు కొట్టంలోకి వచ్చి ఎద్దు ముందు కూలబడింది.

“మామా, వాడు బతికుంటే?”

“ఉంటే పోవాల్సిందే. లేకపోతే పోకూడదు.”

“ఉన్నాడో లేడో తెలిసేదెట్లా?”

ఎద్దు చాలాసేపు నమిలింది. “పోతే తెలుస్తుంది. తెలిశాక తిరిగి రావు. అదే చిక్కు.”

ఆ రాత్రి నేరేడు కన్ను మూయలేదు. వెళ్లకపోతే తమ్ముణ్ణి చంపినదాన్నవుతానేమో, వెళితే తనూ తెల్లోడి దారినే పోతానేమో. రెండు భయాలూ రెండు వైపుల నుంచి పీకాయి.

మంగళవారం మధ్యాహ్నం ఓబుళమ్మ ముట్టని అన్నం తీసెయ్యడానికి వచ్చింది. నేరేడు మెడ నిమిరింది. ఏమనుకుందో బెల్టు విప్పి, చేత్తో పట్టుకుని గీతదాకా నడిచింది. బెల్టు మూగగా ఉంది. అక్కడే చతికిలబడి ఏడ్చింది.

“నా పిసినారితనం కాటికి పోను. ఎండలో పెట్టిన బిళ్ల దీని మెడలో వేసి నిశ్చింతగా ఉన్నానా. ఒకణ్ణి తాడు కట్టక పోగొట్టుకున్నాను. దీన్నీ పంపించేదాన్నే.”

“చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభంలేమ్మా,” అన్నాడు సుంకన్న తల దించుకుని.

“ఇంకా రెండో చెయ్యి మిగిలే ఉందిరా. దాన్నన్నా కాలనివ్వను.”

అప్పటికప్పుడు ఆటో ఎక్కి టౌనుకు పోయి కొత్త బిళ్ల తెచ్చింది. వేసి గీత దగ్గర పట్టుకుంటే బెల్టు తోటంతా వినిపించేలా ‘కీ కీ కీ’ అంది. నేరేడు మెడకు కట్టి, పట్టీకీ మెడకూ మధ్య రెండు వేళ్లు మాత్రమే దూరేలా బిగించింది. వదులుగా ఉంటే బొడిపెలు ఒంటికి తగలవని అంగడివాడు ముందే చెప్పాడు.

ఎండ ఇంకా మండుతోంది. నక్క ఆ వేళకు గుట్ట మీద పడుకుని ఉంటుంది. ఈ చప్పుడు దాని చెవిన పడలేదు. నేరేడు కళ్లు మూసుకుని, కావాలనే గీతవైపు రెండడుగులు వేసి చూసింది. వచ్చిన చురుకుకు గాల్లో ఎగిరిపడింది. లేచి నేరుగా ఎద్దు దగ్గరికి పరుగెత్తింది.

“మామా, నాకొక సాయం చెయ్యాలి. నీ కొమ్ముతో ఈ బెల్టు వదులు చెయ్యగలవా?”

“చేస్తే?”

నేరేడు చెప్పింది. ఎద్దు నమలడం మానేసి దాని ముఖంలోకి చూసింది. “నీకు భయం లేదా?”

“ఒళ్లంతా భయమే మామా. కానీ వాడు ఉన్నాడో లేడో తెలియకుండా బతకడం అంతకంటే భయంగా ఉంది.”

పొద్దు వాలింది. ఎద్దు కొమ్ముకొన పట్టీ మడతలో దూర్చి పైకెత్తింది, నేరేడు తల వెనక్కి లాక్కుంది. బెల్టు ఊడి గడ్డిలో పడింది. దాన్ని నోట కరుచుకుని గీతకు పదడుగుల ఇవతల నిలబడింది.

“వచ్చావా తల్లీ,” అంది నక్క గట్టు మీంచి.

నేరేడు బెల్టు కింద పెట్టింది. “వచ్చాను పిన్నమ్మా. మెడలోంచి కూడా తీసేయించుకున్నాను. కానీ ఒక చిక్కుంది. బత్తాయి పోయినప్పటి నుంచి మా ఓబుళమ్మ వసారాలో కూర్చుని ఘడియకోసారి టార్చి వేసి చూస్తోంది. ఈ రేడియం తళుక్కుమంటే నేనున్నానని ఊరుకుంటుంది. లేకపోతే సుంకన్నను తీసుకుని డబ్బాలు వాయించుకుంటూ వంకకే వస్తుంది. బత్తాయి బెదిరిపోతాడు.”

డబ్బాల మాట నక్కకు నచ్చలేదు. డబ్బాలు వాయిస్తే చిరుత గుట్ట ఎక్కి పోతుంది. “అయితే ఏం చేద్దామంటావు?”

“నేను వచ్చేదాకా ఎవరన్నా దీన్ని వేసుకుని కోళ్లగూడు పక్కన కూర్చోవాలి. మామ మెడకు పట్టదు. నీ మెడా నా మెడా ఒక్కటే కొలత.”

కోళ్లగూడు పక్కన. నక్క నాలుక మూతి చుట్టూ ఒకసారి తిరిగింది. కుక్క తన కాళ్లతో తానే వంకలోకి నడిచిపోతుంది, తోటలో కాపలా ఉండదు, గూటి ముందు తను ఒక్కతే. ఇంతకంటే ముహూర్తం ఉంటుందా? బెల్టు సంగతా, అది చచ్చి నాలుగు రోజులు. తన చెవులతో తను విన్నదే.

“నీకోసం ఏదైనా చేస్తాను తల్లీ,” అని గీత దాటి లోపలికొచ్చింది. దాని మెడలో ఏముంది గనుక, గీత పలకలేదు. తల దూర్చింది. నేరేడు పట్టీ కొస పళ్లతో పట్టుకుని లాగింది.

“మరీ బిగిస్తున్నావే.”

“వదులైతే తిరిగిపోతుంది పిన్నమ్మా, రేడియం కిందికి పోతుంది.” ఇంకొంచెం లాగింది.

నక్క గూడు పక్కకు పోయి బుద్ధిమంతురాలిలా కూర్చుంది. “ఇక వెళ్లమ్మా. వాడు ఎదురుచూస్తున్నాడు.”

నేరేడు గీతవైపు నడిచింది. మెడ బోసిగా ఉంది. ఆపేదేదీ లేదు. ఇంకొక్క అడుగు వేస్తే అవతల. నిజంగానే వాడు ఆకుల కింద పడి అక్కా అంటున్నాడేమో. కాలెత్తింది. ఎత్తిన కాలు అలాగే ఉంచి విన్నది.

వంకలో ఒక్క పిట్టా పలకడం లేదు.

నేరేడు కాలు వెనక్కి తీసుకుంది. తల పైకెత్తి మొరిగింది, ఊరంతా వినబడేలా మొరిగింది. బొప్పి పెట్ట అందుకుంది, గూడంతా అందుకుంది. వసారాలో టార్చి వెలిగింది. “సుంకన్నా, లేరా, డబ్బా తీసుకో” అని ఓబుళమ్మ గొంతు.

నక్క లేచి నవ్వింది. “తెలివి మీరావే. సరేలే, నీ ఖర్మ.” తోక ఝాడించి గీతవైపు దౌడు తీసింది.

‘కీ కీ కీ.’

నక్క చెవులు నిక్కాయి గాని కాళ్లు ఆగలేదు. మరుక్షణం కుయ్యిమని వెనక్కి ఎగిరిపడింది. లేచి రోడ్డువైపు ఉరికింది, అక్కడా అంతే. జామచెట్ల పక్కనుంచి ప్రయత్నించింది, అక్కడా అంతే. తోట చుట్టూ తిరిగి వగరుస్తూ మళ్లీ నేరేడు ముందుకే వచ్చి పడింది.

“ఇది చచ్చింది కదే?”

“మధ్యాహ్నం కొత్త బిళ్ల వేశారు పిన్నమ్మా.”

“ఎప్పటికి అయిపోతుంది? రేపటికా, ఎల్లుండికా?”

“అది చార్జింగ్ బెల్టు సంగతి. ఇది మూడు నెలలు వస్తుంది.”

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. నక్క నేల మీద పొర్లి కాళ్ల దగ్గరికి పాకింది. “విప్పమ్మా. నీ తల్లిలాంటిదాన్ని. ఏమడిగినా చేస్తాను.”

“బత్తాయి ఎక్కడున్నాడో నిజం చెప్పు.”

డబ్బాల చప్పుడు దగ్గరవుతోంది. నక్క కళ్లు అటూ ఇటూ తిరిగాయి. “లేడు. ఆ సాయంత్రమే పోయాడు. నా వెనక వస్తూ ఇంకా పోతు కాలు గురించే అడుగుతున్నాడు. చిరుత దొర అరవనివ్వలేదు. మిగిలింది నాకు పెట్టాడు. నన్నేం చెయ్యమంటావు, దొరకు కూడు చూపించకపోతే నన్నే తింటాడు.”

నాలుగు రోజులుగా నేరేడు గుండెలో పట్టుకున్న ఆశ ఒక్కసారిగా జారిపోయింది.

“చెప్పానుగా, విప్పు,” అంది నక్క.

“బిగించడమే నాకొచ్చు పిన్నమ్మా. విప్పాలంటే కొమ్ము కావాలి. మామను అడుగు.”

నక్క ఎద్దువైపు తిరిగి దండం పెట్టింది. ఎద్దు నిదానంగా దాన్ని చూసింది. “చలికాలమంతా వాడు నా డొక్కకు ఆనుకునే పడుకునేవాడు,” అంది. అంతే, మళ్లీ నెమరు వెయ్యడం మొదలుపెట్టింది.

టార్చి వెలుగు నక్క మెడ మీద పడి రేడియం తళుక్కుమంది. “నేరేడు కాదురా అది, నక్క” అని కర్ర ఎత్తింది ఓబుళమ్మ. నక్కకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. కర్ర కళ్లెదుట ఉంది, చురుకు ఒక్క క్షణం. కళ్లు గట్టిగా మూసుకుని, కుక్కలా కుయ్యోమని అరుస్తూ గీత మీంచి అవతలికి దూకింది. చురుకుకు కాళ్లు మెలికపడి గట్టు మీంచి పొర్లి తుమ్మపొదల్లో పడింది.

ఈ సాయంత్రం కుక్క వస్తుందని చిరుతకు మాటిచ్చింది అదే. నాలుగు రోజుల ఆకలి మీద ఉన్నవాడు, మునిమాపు వేళ, వచ్చింది కుక్కా నక్కా అని ఎందుకు చూస్తాడు?

అరుపు మధ్యలో తెగిపోయింది. కాసేపటికి వంకలోంచి ఎండుకట్టెను కోస్తున్నట్టు గరగరమని వినిపించింది. సుంకన్న చేతిలో డబ్బా జారి కిందపడింది. నేరేడు ఈసారి గడ్డివాము వెనక్కి పోలేదు. ఓబుళమ్మ పరుగెత్తుకొచ్చి దాని బోసిమెడ తడిమి, గీతకు ఇవతలే నిలబడి ఉన్న నాలుగు కాళ్లూ తడిమి, అక్కడే కూర్చుని కావలించుకుంది.

మర్నాడు చార్జింగ్ బెల్టు వాపసిచ్చి ఇంకొక బిళ్ల బెల్టు, దానితో పాటు అదనంగా రెండు బిళ్లలు తెచ్చింది. వేసిన తేదీ వసారా గోడ మీద బొగ్గుతో రాసింది. వారానికోసారి చేత్తో పట్టుకుని గీతదాకా నడిచి ‘కీ’ వింటేనే ఆమెకు అన్నం సహిస్తుంది.

“బిళ్లదే గెలుపన్నమాట,” అంది బొప్పి పెట్ట.

“బిళ్లదీ కాదు, చార్జింగుదీ కాదు,” అంది మైల ఎద్దు. “ఆ తాడు ఆ సాయంత్రం కట్టి ఉంటే చార్జింగ్ బెల్టే మంచిదని ఇవాళ మనమందరం చెప్పుకునేవాళ్లం. వాడూ ఇక్కడే ఉండి అక్కతో వాదించేవాడు.”

నేరేడు ఎద్దు డొక్క పక్కన ఖాళీగా ఉన్న చోట ముడుచుకుని పడుకుంది.

ఎదుటివాళ్ల ఏమరుపాటు మీద బతికేవాడికి, వాళ్లు కళ్లు తెరిచిన పూటే ఆఖరి పూట.